పక్కకు తోసే బలం

లక్ష్మి అత్తమ్మ దినాలు ఎల్‌బీ నగర్‌లో సునీత వాళ్ల ఫ్లాట్‌లోనే జరిగాయి. సునీత అత్తమ్మకు ఒక్కతే కూతురు. మా మేనమామ బిడ్డ కాబట్టి వరసకు నాకు మరదలు. భోజనాలయ్యాక పోచంపల్లి వైపు నుంచి వచ్చిన చుట్టాలు బస్సులు అందుకోవాలని ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. మేమిద్దరం బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. కింద విజయవాడ రోడ్డు, ఎదురుగా మెట్రో రైలు చివరి స్టేషన్. ఇంట్లో ఇంకా అగరుబత్తి, కూరల వాసన కలిసిపోయి ఉంది. సునీత రోడ్డు వైపే చూస్తూ, తల తిప్పకుండానే అడిగింది.

"వదినా, మా నాయిన ఎట్ల పోయిండు?"

"నీకు తెలుసు గదా. పనికాడ మిషిన్ తగిలి," అన్నాను.

"గది అందరు జెప్పేదే. అమ్మ గూడ గదే జెప్పింది, మిషిన్ ఇరిగిందని. ఎందుకిరిగింది, ఆడ ఎవరున్నరు అని అడిగితే లేచి వంటింట్లకు పోయేది. మొన్న దవాఖానల ఉన్నప్పుడు మళ్ల అడిగిన. నన్నడగకు, పద్మనడుగు, ఆమె ఆ రూంల ఉన్నది అన్నది."

నేను ఆ గదిలో ఉన్నాను. ఇన్నేళ్లలో ఆ సంగతి సునీత నన్ను అడగలేదు, నేనూ ఎత్తలేదు. అత్తమ్మ ఉండగా అది నేను చెప్పవలసిన మాట కాదనుకునేదాన్ని. ఇక చెప్పవలసింది నేనే. ఆ సాయంత్రం ఆమెకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. నోటితో చెప్పేటప్పుడు దాటేసినవి కూడా కొన్ని ఇందులో ఉన్నాయి.

మాది పోచంపల్లి పక్క ఊరు. పదో తరగతి తరువాత నన్ను చదువు కోసం సైదాబాద్‌లో యాదగిరి మామ ఇంటికి పంపించారు. మా అమ్మకు తమ్ముడు ఆయన. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం తనవల్ల కాదని చిన్నప్పుడే ఊరు వదిలి, ఫిట్టర్ పని నేర్చుకుని, ఒక ప్రయోగశాల వర్క్‌షాపులో చేరాడు. ఆ ప్రయోగశాల పేరు ఇక్కడ రాయను. మామ మగ్గాన్ని వదిలినా మగ్గం ఆయన్ని పూర్తిగా వదల్లేదు. అమ్మమ్మ కొడుకు దగ్గరికి వస్తూ తన ఆసు కూడా తెచ్చుకుంది. ఆసు అంటే మేకులు కొట్టిన చట్రం. రంగులద్దడానికి ముందు పట్టునూలును ఆ మేకుల మధ్య అటూ ఇటూ తిప్పి పరుస్తారు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు పోయి రావాలి. ఆడవాళ్ల పని. ఊరి నుంచి వారానికోసారి ఎవరో ఒకరు బస్సులో నూలు తెచ్చి ఇచ్చి, పోసిన నూలు పట్టుకుపోయేవాళ్లు. ఉన్నవే రెండు గదులు, కిరాయివి. ముందు గదిలో సగం ఆ చట్రమే. ఆ గది ఎప్పుడూ తడిసి ఆరిన పట్టునూలు వాసన వేసేది. నా పుస్తకాలు, నా బట్టలు, రాత్రి కప్పుకునే దుప్పటి కూడా అదే వాసన. కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయి ఒకసారి ముక్కు ఎగబీల్చి ఇదేం వాసన అంది. నాకు మాత్రం ఏ వాసనా తెలియలేదు.

అమ్మమ్మ ఎడమచేత్తో కుడి భుజాన్ని పట్టుకుని ఆసు పోసేది. భుజం నొప్పని ఎన్నడూ అనలేదు, ఊరికే పట్టుకునేది. నూలు మీదుగా ఎవరైనా దాటబోతే మాత్రం ఊరుకునేది కాదు. "సుట్టు తిరిగి పో బిడ్డా, సుట్టు తిరిగి పో" అనేది. గదిలో సుట్టు తిరగడానికి జాగా ఏదీ. గోడకు వీపు ఆనించి పక్కకు నడిచేవాళ్లం. అత్తమ్మ తెల్లారగట్లే లేచి జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. బాత్‌రూమ్ మూడు వాటాలకూ కలిపి ఒకటే కాబట్టి బకెట్లు వరసగా పెట్టి కాచుక్కూర్చోవడం ఒక పని. సునీత నేను ఇంజనీరింగ్ చదివేటప్పుడు పుట్టింది, నా చదువు అయ్యేనాటికి దానికి మాటలు పూర్తిగా రాలేదు. బకెట్ల మధ్య తిరుగుతూ ఎవరి మగ్గుతో పడితే వాళ్ల మగ్గుతో నీళ్లు పారబోసేది. చుట్టుపక్కల ఆడవాళ్లు దాన్ని తిట్టలేక అత్తమ్మను తిట్టేవాళ్లు.

మామకు ఒక అలవాటు ఉండేది. తిరిగేది ఏదైనా ఊగుతూ తిరిగితే ఆయనకు అన్నం సహించేది కాదు. ఎవరింటికి పిలిచినా ముందు పైకి చూసేవాడు. ఫ్యాను ఊగుతుంటే స్టూలు అడిగి ఎక్కి, రెక్కలు ఒక్కొక్కటే పట్టి చూసి, సరిచేసి, అప్పుడు కంచం ముందు కూర్చునేవాడు. అత్తమ్మకు సిగ్గుగా ఉండేది. "పెండ్లికి పిలిస్తే ఒచ్చినవా, రిపేరుకు ఒచ్చినవా" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పొద్దున మేమిద్దరం కలిసి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచి బస్సెక్కేవాళ్లం. అప్పుడు ఆ రోడ్డు మీద నడవడానికి చోటుండేది. ఎండాకాలం కొత్తపేట పండ్ల మార్కెట్ వైపు నుంచి మామిడికాయల లారీలు వస్తే గడ్డి, పచ్చికాయల జీడి కలిసిన వాసన స్టాపు దాకా వచ్చేది. ఆ నడకలో ఆయన నాతో చెప్పిన మాటలు చాలా తక్కువ. నేను ఇంజనీరింగ్ పూర్తి చేసినప్పుడు మాత్రం, "మా కాడ కొత్తోళ్లను తీసుకుంటరట, పరీక్ష రాస్తవా బిడ్డా" అని అడిగాడు. రాశాను. రెండేళ్ల ప్రాజెక్టులో సహాయకురాలిగా తీసుకున్నారు. అలా మామ, నేను ఒకే గదిలో పనిచేసే రోజులు వచ్చాయి.

ఆ గదిలో ఉన్నది విండ్ టన్నెల్. పొడుగాటి ఇనుప గొట్టం, ఒక చివర మనిషి కంటే ఎత్తైన ఫ్యాను, మధ్యలో అద్దాల కిటికీలున్న ఒక పెట్టె. ఆ పెట్టెలో వస్తువు నమూనా పెట్టి దాని మీదికి గాలి వదిలి, గాలి దాన్ని ఎటు ఎంత తోస్తున్నదో కొలుస్తారు. మామూలుగా కదలకుండా పెట్టిన నమూనాల మీద కొలవడం కష్టమేమీ కాదు. మా ప్రాజెక్టు తిరిగే వాటి మీద. గింగిరాలు కొడుతూ పోయే బంతి నేరుగా పోకుండా పక్కకు ఒరుగుతుంది. ఫిరంగి గుండు లాంటి పొడుగాటి వస్తువు కూడా అంతే. తిరుగుతున్నది గనక గాలి దాన్ని పక్కకు తోస్తుంది. చాలా చిన్న తోపు. కానీ దూరం పోయేకొద్దీ దాని వల్లే దారి తప్పుతుంది. ఆ తోపు ఎంతో చెప్పడం మా పని.

నమూనా అల్యూమినియంది, మోచేతి నుంచి అరచేతి దాకా ఉండేంత పొడుగు, ముందు మొన, లోపల డొల్ల. వెనక నుంచి ఒక ఉక్కు కడ్డీ లోపలికి పోతుంది. కడ్డీకి నమూనాకు మధ్య బేరింగులు. గొట్టంలోంచి గట్టి గాలి కొట్టి నమూనాను బొంగరంలా తిప్పి, ఆ గాలి ఆపేసి, అది తనంతట తాను నెమ్మదిస్తున్నప్పుడు కొలతలు తీసుకోవాలి. కడ్డీ మీద ఒకచోట వెంట్రుక లాంటి తీగలు అంటించి ఉంటాయి. కడ్డీ కంటికి కనిపించనంత వంగినా ఆ తీగల్లో కరెంటు మారుతుంది. ఆ మార్పును చదవడం నా పని. నమూనా ఏమాత్రం ఊగినా, బేరింగు కాస్త గరుకుగా ఉన్నా, ఆ ఊపు మేము కొలవాలనుకున్న దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటుంది. అప్పుడు అంకెలన్నీ చెత్త. అందుకని టన్నెల్‌లో పెట్టే ముందు ప్రతిసారీ నమూనాను బల్ల మీద బిగించి, మీద ఇనుప జాలీ మూసి, తిప్పి చూడాలి. ఎటు బరువుందో చూసి లోపల రవ్వంత తొలిచి సరిచేయాలి. ఆ తిప్పి చూడడం, తొలవడం మామ పని. గాలి వాల్వు దగ్గర ప్రసాద్ ఉండేవాడు. గుడివాడ వైపు నుంచి వచ్చి చంపాపేట్‌లో కాపురం పెట్టిన కుర్రవాడు, భార్యకు నెలలు నిండుతున్న రోజులు.

మా అందరి మీద మూర్తి గారు. నాకు పని నేర్పింది ఆయనే. నాకు అర్థం కాని లెక్క ఉంటే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, నేను తలూపేదాకా చెప్పేవారు. ఆ రోజుల్లో ఆ గదిలోకి ఆడపిల్లను తీసుకోవడం వద్దన్నవాళ్లున్నారట. ఆయన వాళ్లతో పోట్లాడి తీసుకున్నారని తరువాత తెలిసింది. మామను యాదగిరీ అని పేరు పెట్టి పిలిచినా, చేతిలో పని ఉన్నప్పుడు ఆయన్ని కదిలించేవారు కాదు. చెడ్డమనిషి అని చెప్పగలిగితే నాకు చెప్పడం సులువయ్యేది.

ఆ రోజు ప్రాజెక్టుకు డబ్బిచ్చే చోటు నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. ప్రాజెక్టు అప్పటికే ఆలస్యమైంది, ఇక ఆపేస్తారన్న మాట వినపడుతోంది. మూర్తి గారు పొద్దున్నే వచ్చి గదంతా కడిగించారు. నమూనా బల్ల మీద బిగించి ఉంది. ముందు రోజే బేరింగులు మార్చారు. మూర్తి గారు జాలీ మీద చెయ్యి వేసి, "దీన్ని తీసెయ్ యాదగిరీ. వాళ్లకు కనపడాలి కదా" అన్నారు.

మామ స్పానర్ తుడుచుకుంటున్నాడు. "సార్, కొత్త బేరింగులు ఏసినం. ఇంక పూర్తి స్పీడ్ మీద తిప్పి సూడలే. జాలీ ఉండనీయుండ్రి."

"పూర్తి స్పీడ్ వద్దు. ఊరికే తిరుగుతోందని చూపిస్తే చాలు. వాళ్లు ఇలా చూసి అలా వెళ్లిపోతారు."

మామ నా వైపు ఒకసారి చూశాడు. నేను ఏమైనా అంటానని కాదు. అలవాటుగా చూశాడంతే. తరువాత బోల్టులు విప్పి జాలీ ఎత్తి గోడకు ఆనించాడు.

వాళ్లు నలుగురొచ్చారు. మూర్తి గారు చెప్తూ ఉన్నారు. ప్రసాద్ వాల్వు కొంచెం తెరిచాడు. నమూనా సన్నగా కూత పెడుతూ తిరిగింది. వచ్చినవాళ్లలో ఒకాయన బల్ల మీదికి వంగి, ఇదేనా మీరు రిపోర్టులో రాసిన వేగం అని అడిగారు. మూర్తి గారు, కాదు, అది ఇంకా ఎక్కువ అన్నారు. ఒక క్షణం ఆగారు. తరువాత ప్రసాద్ వైపు చూసి చేత్తో పెంచమని సైగ చేశారు. ప్రసాద్ మామ వైపు చూశాడు. మామ మూర్తి గారి వైపు చూశాడు. ఆయన మళ్లీ తలూపారు. ప్రసాద్ వాల్వు తిప్పాడు.

కూత పైకి లేచింది. కాసేపటికి అందులోకి ఇంకో చప్పుడు వచ్చింది, రాయి మీద చెంబు జరిపినట్టు. నేను నా మీటరు నుంచి తలెత్తేసరికి మామ అప్పటికే కదిలాడు. బల్లకూ వచ్చినవాళ్లకూ మధ్యకు వచ్చి, రెండు చేతులూ చాచి వాళ్లను వెనక్కు నెడుతూ, "జర ఎనక్కి జరుగుండ్రి సార్" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. అప్పుడే నమూనా కడ్డీ మీది నుంచి ఊడింది. అది పోవడం నేను చూడలేదు. ఎవరూ చూసి ఉండరు. మామ పక్కటెముకల కింద తగిలి, అవతలి గోడకు కొట్టుకుని, నేల మీద ఇంకా తిరుగుతూ పడి ఉండడం చూశాను. మామ అలిసిపోయిన మనిషి కూర్చున్నట్టు కింద కూర్చున్నాడు. "ప్రసాదూ, గాలి బంద్ చెయ్" అన్నాడు. ప్రసాద్ కట్టేశాడు. నేను విన్న మామ మాటల్లో అదే ఆఖరుది.

మూర్తి గారు తన కారులోనే దవాఖానకు తీసుకుపోయారు. మామ తల నా ఒళ్లో, కాళ్లు ప్రసాద్ ఒళ్లో. పైకి రక్తం ఎక్కువ లేదు, లోపలే పోతోందని మాకు తెలియదు. మలక్‌పేట దగ్గర రోడ్డు మీద ఊరేగింపేదో ఉంటే మూర్తి గారు కారు దిగి రెండు చేతులూ జోడించి దారి అడిగారు. ఆయన ఏడుస్తూ ఉన్నారు. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. ఇంటికి వెళ్లి చెప్పవలసింది నేనే. నేను గుమ్మంలోకి వచ్చేసరికి అమ్మమ్మ ఆసు పోస్తూ ఉంది. చెయ్యి ఆపకుండానే, "సుట్టు తిరిగి రా బిడ్డా" అంది. నేను నూలు తొక్కుకుంటూ ఎదురుగా వెళ్లిపోయాను. అప్పుడే ఆమెకు తెలిసిపోయింది.

మామ దినాలు అయిన కొద్దిరోజులకు మూర్తి గారు మా ఇంటికి వచ్చారు. మనిషి సగమయ్యారు. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ వేశాం. అత్తమ్మ వంటింటి గుమ్మం దగ్గర కింద కూర్చుంది, సునీత ఆమె ఒళ్లో నిద్రపోతోంది. ఆయన నేల చూస్తూనే మాట మొదలుపెట్టారు.

"మా సంస్థలో మీకు ఉద్యోగం ఇప్పించే బాధ్యత నాదమ్మా. అది తప్పకుండా చేస్తాను. కానీ ఎంక్వైరీ వేశారు. జాలీ లేకుండా నడపమని చెప్పారని తేలితే ల్యాబ్ మూసేస్తారు. అందులో పనిచేసేవాళ్లందరూ రోడ్డున పడతారు. హడావిడిలో యాదగిరి జాలీ పెట్టడం మరిచిపోయాడని మీరు కూడా ఒప్పుకుంటే ఇంతటితో అయిపోతుంది. పోయిన మనిషికి కొత్తగా పోయేదేమీ లేదు. మీకు, పాపకు ఒక దారి దొరుకుతుంది."

"ఆయన మరిసిపోయిండా సార్?" అంది అత్తమ్మ.

మూర్తి గారు నా వైపు చూశారు.

"మా పద్మ ఒకతీరు చెప్తున్నది. మీరు ఒకతీరు చెప్తుండ్రు. నేను సూడలే. మీరే జెప్పుండ్రి. మరిసిపోయిండా?"

ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. "లేదమ్మా" అన్నారు.

"మరి నాతోని ఎందుకు అనిపిస్తుండ్రు?" అత్తమ్మ గొంతులో కోపం కూడా లేదు. "నేను ఆ నౌకరీకి పోతే దినాం నన్ను జూసినోళ్లంత గదే అనుకుంటరు, మొగడు మరిసిపోయి సచ్చిండు, పెండ్లానికి నౌకరీ ఒచ్చిందని. నా బిడ్డ గదే ఇనుకుంట పెరుగుతది. నాకొద్దు సార్."

అమ్మమ్మ మూల నుంచి, "చాయ్ పెట్టు లక్ష్మీ, సారు ఎంత దూరంకెళ్లి ఒచ్చిండో" అంది. ఆయన ఆ చాయ్ తాగారు. గ్లాసు కింద పెట్టి, నాతో ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయారు.

ఎంక్వైరీలో ముగ్గురు కూర్చున్నారు. నన్ను పిలిస్తే జరిగింది జరిగినట్టు చెప్పాను. జాలీ తీయమన్నది ఎవరు, మామ వద్దన్నది ఎట్లా, వేగం పెంచమని సైగ చేసింది ఎవరు, అన్నీ. మధ్యలో కూర్చున్నాయన అంతా విని, మీరు చనిపోయినవారి మేనకోడలు కదా అన్నారు. అవునన్నాను. సరే, వెళ్లండి అన్నారు. నేను చుట్టాన్ని కాబట్టి నా మాట లెక్కలోకి రాదని ఆ సరేకు అర్థం. బయట బెంచీ మీద కూర్చున్నాక గానీ నాకు అది తెలియలేదు. తరువాత ప్రసాద్‌ను పిలిచారు. వాడు ఏమీ విననట్టు చెప్తాడనే అనుకున్నాను. వాడికి అప్పటికి కొడుకు పుట్టి పది రోజులు కూడా కాలేదు. బయటికి వచ్చి నా పక్కన కూర్చుని, "మీరు చెప్పిందే నిజమని చెప్పానండీ" అన్నాడు. రెండు నెలల్లో వాడిని ఎక్కడో ఒడిశా వైపు కేంద్రానికి మార్చారు. చంపాపేట్ ఇల్లు ఖాళీ చేసి వెళ్లేరోజు అత్తమ్మ వాడి భార్యకు పసుపు కుంకుమ ఇవ్వలేక, ఆ పని నాతో చేయించింది.

రిపోర్టు వచ్చింది. రక్షణ జాలీ లేకుండా యంత్రం నడిపినట్టు తెలుస్తోంది, ఎవరి ఆదేశం మీద అన్నది నిర్ధారణ కాలేదు అని అందులో ఉంది. తప్పు మామది కాదు. మూర్తి గారిదీ కాదు. ఎవరిదీ కాదు కాబట్టి, మామ మీద తప్పు ఒప్పుకోకుండా అత్తమ్మకు న్యాయంగా రావాలని మేము అడిగిన ఉద్యోగం సంగతి తేలకుండా కొన్నేళ్లు నానింది, ఆ తరువాత అడిగేవాళ్లం మేము కూడా అడగడం మానేశాం.

అత్తమ్మ దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో చేరింది. పోచంపల్లి చీర ఏదో, దాని నకలు ఏదో చేత్తో పట్టి చెప్పగలదని తీసుకున్నారు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా నిలబడి చీరలు విప్పి చూపించడం, కొననివాళ్లవి మడత పెట్టడం. ఇంటికి వచ్చి ఉప్పునీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చునేది. సునీత ఆ నీళ్లలో చేతులు పెట్టి ఆడుకునేది. అమ్మమ్మ ఆసు మళ్లీ మొదలుపెట్టింది, ఇదివరకటి కంటే ఎక్కువ నూలు ఒప్పుకుంది. ముందు గది ఫ్యాను మళ్లీ ఊగడం మొదలైంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

నేను మళ్లీ ఆ గదికే పోయాను. ఇంట్లో నెల తిరగాలంటే నా జీతం కావాలి, ఇంకెక్కడా ఉద్యోగం లేదు. కొత్త నమూనా చేయించారు, కొత్త మనిషిని పెట్టారు. ప్రాజెక్టు ఆగలేదు. మూర్తి గారు నాతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడేవారు కాదు, నేనూ అంతే. పక్కన కుర్చీ వేసుకుని చెప్పడం మానేశారు. జాలీకి తాళం వేయించారు. అయినా నమూనా తిరుగుతున్నంతసేపూ ఆయన గదిలో ఉండలేకపోయేవారు. కూత మొదలవగానే లేచి వరండాలోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడేవారు. అది పూర్తిగా ఆగిందని నేను వెళ్లి చెప్తే లోపలికి వచ్చేవారు. ఎన్నిసార్లు అలా చెప్పానో. ఒకసారి కూడా నేను కావాలని ఆలస్యం చేయలేదు, తొందరగానూ పోలేదు. కొలతలు బాగా వచ్చాయి. రెండేళ్లు పూర్తికాగానే నేను కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాను. మూర్తి గారు రిటైరయ్యారని కొన్నేళ్లకు తెలిసింది, పోయారని ఇంకా కొన్నేళ్లకు తెలిసింది.

కిందటేడు హైవే మీద ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు కొత్త ల్యాబ్ చూడమని నన్ను పిలిచారు. చిన్న విండ్ టన్నెల్, దాని పక్కన తిరిగే నమూనాలు పరీక్షించే అద్దాల పెట్టె. మేము నెలలు పట్టి తీసిన కొలతలు కంప్యూటర్ తెర మీద గీతలుగా వచ్చేస్తున్నాయి. అక్కడి యువ లెక్చరర్ పెట్టె తలుపు ఒక వేలు సందు తెరిచి బటన్ నొక్కి చూపించాడు. ఏమీ కదల్లేదు. "తలుపు పూర్తిగా పడితేనే మోటార్ తిరుగుతుంది మేడమ్. ప్రిన్సిపల్ గారు వచ్చి అడిగినా తిరగదు" అని నవ్వాడు. నేను కూడా నవ్వాలి కాబట్టి నవ్వాను. అంత చిన్న స్విచ్చు. మా రోజుల్లో అలాంటివి లేకపోలేదు, మా గదిలో పెట్టాలని ఎవరికీ తోచలేదు. అక్కడ నిలబడితే, కాదని చెప్పవలసిన అవసరమే లేని ఈ పిల్లల మీద నాకు ఒకరకంగా ఈర్ష్య కలిగింది. కాదని చెప్పినా వినిపించుకోని చోట మా మామ స్పానర్ పట్టుకుని నిలబడ్డాడు.

సునీత ఇదంతా మధ్యలో ఆపకుండా విన్నది. కింద రోడ్డు మీద దీపాలు వచ్చాయి. లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.

"స్కూల్ల పిల్లలు అనేటోళ్లు వదినా," అంది చివరికి. "మీ నాయిన సోయి లేకుంట పనిజేసి సచ్చిండంట అని. వాళ్ల ఇండ్లల్ల అనుకుంటే ఇన్నరు గావొచ్చు. ఇంటికొచ్చి అమ్మకు జెప్పలే. నిజమే అనుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న."

అత్తమ్మ ఏది జరగకూడదని ఆ ఉద్యోగం వద్దన్నదో, అదే జరిగింది. ఆమెకు తెలియకుండా, ఆమె ఇంట్లోనే.

"నాకు కోపం రావాలె గదా," అంది సునీత. "ఎవరి మీద రావాలె ఇప్పుడు? ఒక్కరు గూడ లేకపాయె."

మళ్లీ తనే అడిగింది. "మీరు కొలిసేది, గా పక్కకు తోసేది, ఎంత ఉండె?"

నమూనాకు దారం కట్టి చిన్న చిన్న తూకం రాళ్లు వేలాడదీసి మీటర్లు సరిచూసుకునేవాళ్లం కాబట్టి ఆ బరువు నా చేతికి ఇప్పటికీ తెలుసు. "ఒక నిమ్మకాయంత," అన్నాను.

"గంతేనా."

"అంతే."

ఆమె ఒడిలో చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. తరువాత, ఇంతసేపూ అడగాలనుకున్నది ఇదే అన్నట్టు, గొంతు తగ్గించి అడిగింది. "నాయిన నన్ను ఎత్తుకునేటోడా వదినా?"

"ఎత్తుకునేవాడు. కానీ రాగానే కాదు. చేతులకు గ్రీజు ఉండేది. ముందు కిరోసిన్‌తో తోముకుని, తరువాత సబ్బుతో, మళ్లీ ఒకసారి సబ్బుతో. ఆ వాసన పోయేదాకా నిన్ను ముట్టుకునేవాడు కాదు. నువ్వు అంతసేపూ ఆయన లుంగీ పట్టుకుని ఏడ్చేదానివి. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుని, అప్పుడు వంగి ఎత్తుకునేవాడు."

సునీత నిజంగా వెతుక్కుంటున్న మనిషిలా కళ్లు మూసుకుంది.

"యాదికి లేదు," అంది.